పాత చీరలు, అమ్మగారి నల్ల మిషన్, రెండు గదుల ఫ్లాట్: బొంత, మిషన్ ఎంబ్రాయిడరీ, నేతల్లో ముందు ఏది?

మీరు అడిగింది ఇదీ: విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో రెండు గదుల ఫ్లాట్. అమ్మగారు వాడిన నల్ల కుట్టు మిషన్ ఉంది, కాలితో తొక్కేది. బీరువాలో పన్నెండు పాత కాటన్ చీరలు ఉన్నాయి. బొంత కుట్టాలని, మిషన్ ఎంబ్రాయిడరీ చేయాలని, వీలైతే నేయాలని కూడా ఉంది. మొదటి ప్రయత్నంగా పల్చటి దుపట్టా అంచు మీద పువ్వు కుడితే గుడ్డ ముడుచుకుపోయింది, అడుగున దారం ఉండ కట్టింది. అందుకని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కొనేయాలా అంటున్నారు.

ముందు ఒక చిన్న బొంత కుట్టండి. తర్వాత అదే నల్ల మిషన్ మీద ఎంబ్రాయిడరీ చేయండి. నేత చివర్లో, బల్ల మీద పెట్టుకునే చెక్క ఫ్రేముతో. కంప్యూటర్ మిషన్ ఇప్పుడు కొనకండి.

ఎందుకంటే ఈ మూడు పనులకూ కావలసినవి రెండే: దారం ఎంత బిగువుగా ఉందో చేతికి తెలియడం, గుడ్డలో పోగు ఎటు నడుస్తోందో కంటికి కనిపించడం. ఈ రెండూ నేర్చుకోవడానికి బొంత కంటే చవకైన దారి లేదు. గుడ్డ ఇంట్లోదే, కుట్టు తిన్నగా వెళ్తే చాలు, చిన్న తప్పులు ఉతుకులో సర్దుకుపోతాయి. ఎంబ్రాయిడరీలో తప్పు అలా దాగదు. మీ దుపట్టా చెడిపోవడానికి కారణం కూడా మిషన్ పాతదవడం కాదు. కంప్యూటర్ మిషన్ మీదైనా ఆ గుడ్డ అలాగే ముడుచుకునేది.

ఒక మాట ముందే చెప్పాలి. నేత నేర్చుకుందామని క్లాసులు వెతికితే జగదాంబ దగ్గర్నుంచి గాజువాక దాకా "మగ్గం వర్క్" బోర్డులే కనిపిస్తాయి. అది నేత కాదు. చట్రానికి గుడ్డ బిగించి, కొక్కెం ఉన్న ఆరీ సూదితో పూసలు, జర్దోసీ కుట్టే చేతి పని. అలాగే బ్లౌజుల మీద "కంప్యూటర్ వర్క్" అంటే మిషన్ ఎంబ్రాయిడరీ. ఫీజు కట్టే ముందు ఏది నేర్పుతారో అడిగి తెలుసుకోండి.

ముందు మిషన్ సంగతి

అడుగున దారం ఉండ కడితే అందరూ బాబిన్ కేసును, అంటే అడుగు దారం చుట్టిన బాబిన్‌ను పెట్టే చిన్న డబ్బీని, అనుమానిస్తారు. దాదాపు ఎప్పుడూ తప్పు పై దారానిదే. పై దారం టెన్షన్ డిస్కుల (దారాన్ని బిగువుగా పట్టే రెండు బిళ్లల) మధ్య కూర్చోకపోతే సూది దాన్ని ఇష్టమొచ్చినంత కిందికి లాక్కుపోతుంది, అదే అడుగున ఉండ అవుతుంది. కాబట్టి దారం ఎక్కించేటప్పుడు ప్రెజర్ ఫుట్ (గుడ్డను నొక్కి పట్టే పాదం) లివర్ పైకి ఎత్తి ఉండాలి. అప్పుడే డిస్కులు తెరుచుకుంటాయి. కుట్టేటప్పుడు లివర్ దించి ఉండాలి.

ఎంబ్రాయిడరీ చేసేవాళ్లు ఇక్కడే పొరబడతారు. గుడ్డ బిగించిన రింగు కదలడానికి అడ్డమని ప్రెజర్ ఫుట్ ఊడదీస్తాం. ఫుట్ లేదు కదా అని లివర్ పైకే వదిలేస్తాం. ఫుట్ ఉన్నా లేకపోయినా లివర్ దించాల్సిందే. మీ సమస్యలో సగం ఇదే అయ్యుంటుందని నా నమ్మకం.

తర్వాత సూది. ఇంటి మిషన్ సూదికి పైభాగం ఒక పక్క చదునుగా ఉంటుంది. ఫ్యాక్టరీ మిషన్ సూదికి గుండ్రంగా ఉంటుంది. దుకాణంలో "డొమెస్టిక్ సూది" అని అడగండి. సూదికి ఒక పక్క పొడుగాటి గాడి ఉంటుంది. దారం ఆ గాడి ఉన్న వైపు నుంచి కన్నంలోకి వెళ్లాలి. తిప్పి పెడితే కుట్లు వదిలేస్తుంది, లేదా అసలు పట్టదు. రెండు మూడు పొరల కాటన్ చీరకు 14 నంబరు, మందంగా ఉంటే 16, రేయాన్ దారంతో ఎంబ్రాయిడరీకి 11 లేదా 14. ఎనిమిది పది గంటల పని అయ్యాక సూది మార్చేయండి. మొన విరిగేదాకా ఆగితే అప్పటికే గుడ్డలో పోగులు తెగి ఉంటాయి.

బాబిన్ కేసు బిగువు చూడడానికి కేసులో నిండు బాబిన్ పెట్టి, దారం కొన పట్టుకుని గాల్లో వేలాడదీయండి. కదలకుండా నిలబడాలి. చేతిని చిన్నగా కుదిపితే అంగుళమో రెండంగుళాలో జారి ఆగాలి. దానంతట అదే జారిపోతుంటే వదులు, కుదిపినా జారకపోతే బిగువు. కేసు పక్కనున్న చిన్న స్క్రూను గడియారం ముల్లు ఐదు నిమిషాలు జరిగినంత మాత్రమే తిప్పి మళ్లీ చూడండి. తిప్పే ముందు స్క్రూ గాడి ఎటు ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ స్క్రూ ఊడి నేల మీద పడితే దొరకదు, కాబట్టి కింద తెల్లగుడ్డ పరిచి ఆ పని చేయండి.

ఇక మన ఊరి గాలి. సముద్రం దగ్గరి ఇళ్లలో ఉప్పు తేమ వల్ల సూదులకు, బాబిన్ కేసుకు, దాని చుట్టూ తిరిగే హుక్కుకు సన్నటి తుప్పు చుక్కలు పడతాయి. కంటికి ఆనకపోయినా దారం దానికి గీసుకుని పోగులు పోగులుగా చీలి తెగుతుంది. వేలి గోరు హుక్కు అంచు మీదుగా నడిపి చూడండి, ఎక్కడైనా గరుకు తగిలితే అదే చోటు. అన్నిటికంటే నున్నని ఎమరీ పేపరుతో సున్నితంగా రుద్ది, తుడిచి, ఒక చుక్క మిషన్ ఆయిల్ వేయండి. కొబ్బరినూనె, వంటనూనె ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, అవి గట్టిపడి జిగురవుతాయి. మిషన్‌కు ప్లాస్టిక్ కవరు వేయకండి, లోపలి తేమ బయటికి పోదు. పాత కాటన్ దుప్పటి కప్పితే మేలు. నూనె వేశాక పనికిరాని గుడ్డ మీద రెండు నిమిషాలు కుట్టాకే మంచి గుడ్డ పెట్టండి.

బొంత: మొదటిది 36 × 48 అంగుళాలు

ఈ కొలత ఊరికే చెప్పడం లేదు. చీర పన్నా 45 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. 36 అంగుళాల బొంతకు వెనక గుడ్డ 40 అంగుళాలు కావాలి కాబట్టి అతుకు లేకుండా వస్తుంది. ఐదున్నర మీటర్ల చీర అంటే సుమారు 216 అంగుళాల పొడవు. అందులో 52 అంగుళాల ముక్కలు మూడు తీస్తే ఒకటి అడుగు పొర, రెండు మధ్య పొరలు. 60 అంగుళాలు మిగులుతుంది, దాచండి, నేత దగ్గర పనికొస్తుంది. పై పొర ముక్కలు వేరే రెండు మూడు చీరల నుంచి తీసుకోండి.

మధ్యలో పాలిస్టర్ వాడింగ్ (దూదిలాంటి మెత్తటి పొర) వేయమని వీడియోల్లో చెబుతారు. అది చలి దేశాల పద్ధతి. విశాఖలో దాన్ని కప్పుకుంటే చెమట పడుతుంది, పైగా తేమ రోజుల్లో ఆరదు. మన పెద్దవాళ్లు పాత చీరలే పొరలుగా వేసి కుట్టిన బొంత ఈ వాతావరణానికి సరైనది. బెంగాల్ కాంథా, ఉత్తర కర్ణాటక కౌదీ కూడా దీని చుట్టాలే. విడి దూది వేయాలనుకుంటే కుట్టు వరసలు రెండంగుళాల లోపు ఉండాలి, లేకపోతే మొదటి ఉతుకుకే దూది ఉండలు కడుతుంది.

చీర ఎంచుకోవడంలో తొందర వద్దు. వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే పోగులు జారి పల్చబడిన చోట్లు కనిపిస్తాయి. అనుమానమున్న చోట రెండు బొటనవేళ్లతో పక్కలకు లాగండి. చిరిగితే ఆ భాగం మానేయండి. ఫాల్ కుట్టిన కింది అంచు, కూర్చునే చోటు ముందుగా నలుగుతాయి. ఎరుపు, నలుపు, ముదురు నీలం చీరల్ని తడిపి, తెల్లగుడ్డ మీద పెట్టి ఇస్త్రీ పెట్టె నొక్కండి. రంగు అంటితే అది దిగే రంగు. ఉప్పు, వెనిగర్ వేస్తే రంగు నిలుస్తుందన్న మాట నమ్మకండి, అద్దకంలోనే పట్టని రంగు తర్వాత పట్టదు. నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకండి, తేరకపోతే ఆ చీర పక్కన పెట్టేయండి. సిల్కు, జరీ చీరలు మొదటి బొంతకు కోయవద్దని నా మనవి.

కోసే ముందు గంజి పెట్టండి. ఇది మానేసినవాళ్ల ముక్కలే వంకర్లు పోతాయి. ఏళ్ల తరబడి ఉతికిన కాటన్ మెత్తగా జారిపోతుంది, స్కేలు కింద కూడా కదులుతుంది. గంజి పెట్టి, కాస్త తడిగా ఉండగానే పోగు దిశలో ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలుస్తుంది. అడ్డంగా ఇస్త్రీ పెట్టె లాగకండి, సాగుతుంది. బొంత పూర్తయ్యాక ఒకసారి ఉతికి ఆ గంజి వదిలించాలి. గంజి గుడ్డలు బీరువాలో ఉంటే పురుగు పడుతుంది.

ముక్కలు 6½ అంగుళాల చదరాలు. నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతే 6 అంగుళాలు తేలుతుంది. అడ్డంగా ఆరు, నిలువునా ఎనిమిది, మొత్తం 48 ముక్కలు. మీటరు గుడ్డ, 44 అంగుళాల పన్నాలో 36 ముక్కలు వస్తాయి కాబట్టి ఒకటిన్నర మీటరు లెక్క. అట్టముక్కతో నమూనా కోసుకోండి, కానీ ప్రతిసారీ ఆ మొదటి అట్టతోనే గీయండి. కోసిన ముక్క పెట్టి దాని మీద మరో ముక్క గీస్తూ పోతే పదో ముక్కకు కొలత మారిపోతుంది.

పావు అంగుళం కుట్టు నిజంగా పావు అంగుళమేనా అన్నది ముందే తేల్చుకోండి. రెండున్నర అంగుళాల పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేసి, మధ్య పట్టీ కొలవండి. సరిగ్గా 2 అంగుళాలు రావాలి. తక్కువ వస్తే మీరు గుడ్డ ఎక్కువ తింటున్నారు. ప్రతి కుట్టులో అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పోతే ఒక్కో చదరానికి రెండు పక్కలా కలిపి ఎనిమిదో వంతు తగ్గుతుంది. ఎనిమిది చదరాల వరసలో అంగుళం పోయినట్టే. అప్పుడే మూలలు కలవవు. సూది నుంచి పావు అంగుళం కొలిచి ప్లేటు మీద ఒక టేపు ముక్క అంటించి, గుడ్డ అంచును దాని వెంబడి నడపండి.

కుట్టు మడతల్ని ఇస్త్రీ చేసేటప్పుడు మొదటి వరసవి ఎడమకు, రెండో వరసవి కుడికి, మూడోది మళ్లీ ఎడమకు పడుకోబెట్టండి. రెండు వరసలు కలిపినప్పుడు ఆ మడతలు ఒకదానిలో ఒకటి ఒదిగి, మూలలు వాటంతట అవే కలుస్తాయి.

ఇప్పుడు పొరలు. అడుగు పొర తిరగేసి నేల మీద పరిచి, సాగదీయకుండా ముడతలు పోయేంత మాత్రమే లాగి, నాలుగు పక్కలా టేపుతో నేలకు అంటించండి. దాని మీద మధ్య పొరలు, ఆపైన ముక్కల పొర. మధ్య నుంచి అంచులకు అరచేత్తో సర్దుతూ ప్రతి నాలుగంగుళాలకు ఒక పిన్నీసు గుచ్చండి. పిన్నీసుల వల్ల మచ్చ పడుతుందనుకుంటే కచ్చా కుట్టు వేయండి. బొంత వెనక వైపు ముడతలు పడటానికి కారణం ఈ దశలో పిసినారితనమే. వంద పిన్నీసులు ఎక్కువ కాదు.

పొరలు కలిపి కుట్టేటప్పుడు 3 మి.మీ. కుట్టు పెట్టండి, చిన్న కుట్టు పాత గుడ్డను కోసేస్తుంది. ప్రెజర్ ఫుట్ కడ్డీ పైనున్న బిగింపు స్క్రూను రెండు చుట్లు వదులు చేస్తే పై పొర ముందుకు జరిగి కుప్ప పడదు. పై పొరనూ కింది పొరతో సమంగా జరిపే వాకింగ్ ఫుట్ మీ మిషన్‌కు సరిపడేది దొరికితే కొనండి, ఈ పనికి అది నిజంగా పనికొచ్చే వస్తువు. మొదటి వరస బొంత మధ్యలో, తర్వాత దాని కుడి సగం, ఆపైన ఎడమ సగం. అన్ని వరసలూ ఒకే దిశలో మొదలుపెట్టండి. ఒకటి పైకి, ఒకటి కిందికి కుడుతూ పోతే వరసల మధ్య గుడ్డ ఏటవాలుగా మెలి తిరుగుతుంది. చీర పొరలకు వరసకూ వరసకూ మూడంగుళాలు చాలు.

చేత్తో కుట్టాలని ఉంటే ఇంకా మంచిది, బొంత మెత్తగా ఉంటుంది. పొడుగాటి సన్నసూది, దారం మూర పొడవు మించకూడదు. మించితే మెలికలు పడుతుంది.

చుట్టూ అంచు పట్టీకి రెండున్నర అంగుళాల పట్టీలు కోసి, నిలువునా మడిచి, ముందు వైపు కుట్టి వెనక్కి తిప్పి చేత్తో ముగించండి. చుట్టుకొలత 168 అంగుళాలు, మూలలకూ అతుకులకూ కలిపి 180 పెట్టుకుంటే 44 అంగుళాల పట్టీలు ఐదు. పట్టీని లాగుతూ కుడితే బొంత అంచు కుచ్చులా ముడుచుకుంటుంది, కాబట్టి పట్టీని లాగకండి, దానంతట దాన్ని వెళ్లనివ్వండి.

ఒకటి కుట్టాక సింగిల్ బెడ్డుకు, 60 × 90 అంగుళాలకు వెళ్లండి. 150 చదరాలు, అంటే నాలుగున్నర మీటర్లు. అడుగు పొరకు ఒక చీరను 98 అంగుళాల చొప్పున రెండు ముక్కలు చేసి అంచులు కలిపి కుడితే సరిపోతుంది. నల్ల మిషన్ చేతి కింద చోటు తక్కువ కాబట్టి పక్క భాగాన్ని చాపలా చుట్టి పెట్టుకుని కుట్టాలి. అక్టోబరు, నవంబరు వానల్లో మాత్రం బొంత ఉతకవద్దు. బయట ఆరినట్టుండి లోపలి పొరలో తేమ మిగిలితే బూజు మచ్చలు పడతాయి, అవి పోవు.

ఎంబ్రాయిడరీ

బొంత పూర్తయ్యేసరికి మీ కాలికి వేగం మీద అదుపు వచ్చి ఉంటుంది. అది ఇక్కడ అక్కరకొస్తుంది. మీది కాలి మిషన్ కావడం అదృష్టం, చేత్తో తిప్పే మిషన్ మీద ఈ పని కుదరదు, రెండు చేతులూ రింగు మీదే ఉండాలి.

ముందు గుడ్డను జరిపే కింది పళ్లు దించాలి. కొన్ని మిషన్లకు బల్ల అడుగున మీట లేదా స్క్రూ ఉంటుంది. లేకపోతే పళ్ల మీద బిగించే మూత ప్లేటు దొరుకుతుంది. మీ మిషన్ తీరు చెప్పి టైలరింగ్ సామాను దుకాణంలో అడగండి. ఫుట్ తీసేసి కుట్టవచ్చు, కానీ కొత్తలో స్ప్రింగు ఉండే డార్నింగ్ ఫుట్ పెట్టుకోండి. గుడ్డ సూదితో పాటు పైకి లేవదు, వేలికి సూది తగలదు.

రింగు బిగించే తీరు చేతి కుట్టుకు తలకిందులుగా ఉంటుంది. పెద్ద రింగు కింద, దాని మీద గుడ్డ, చిన్న రింగు పై నుంచి లోపలికి నొక్కాలి. అప్పుడు గుడ్డ మిషన్ ప్లేటుకు ఆనుకుని ఉంటుంది. చిన్న రింగుకు పాత కాటన్ పీలిక చుట్టి కుట్టేస్తే గుడ్డ జారదు. గుడ్డ బిగువుగా ఉండాలి కానీ సాగకూడదు. ఈ తేడా ముఖ్యం. రింగులో సాగదీసి బిగించిన గుడ్డ మీద కుడితే, రింగు తీయగానే గుడ్డ వెనక్కి తగ్గుతుంది, దారం తగ్గదు. ముడతలు పడేది అందుకే.

మీ దుపట్టాకు ఇంకో కారణం కూడా ఉంది: కింద ఆధారం లేదు. పల్చటి గుడ్డకు దారం బరువు మోసే శక్తి ఉండదు. నేసిన కాటన్‌కు కింద చింపేసే నాన్‌వోవెన్ పేపరు, టీషర్టు లాంటి సాగే గుడ్డకు చింపకుండా కత్తిరించి వదిలేసే రకం, టవలు మీద అయితే నూలు పోగులు పైకి రాకుండా నీళ్లలో కరిగే పల్చటి ఫిల్మ్ పైన కూడా. వార్తాపత్రిక పెట్టకండి, సిరా అంటుతుంది. పల్చటి దుపట్టాకు కరిగే రకం రెండు పొరలు వేసి, పువ్వు లోపల నిండా కుట్టకుండా గీతలతోనే వదిలేయండి.

మొదలుపెట్టేటప్పుడు చక్రం ఒక చుట్టు చేత్తో తిప్పి బాబిన్ దారం పైకి లాగండి. రెండు కొనలూ వేలి కింద పట్టుకుని అక్కడే మూడు నాలుగు కుట్లు వేసి కొనలు కత్తిరించండి. కాలు నిలకడగా, చెయ్యి నెమ్మదిగా. కుట్లు పొడవుగా పడుతుంటే చెయ్యి తొందరపడుతోంది, ఒకే చోట ముడులు పడుతుంటే చెయ్యి ఆగిపోతోంది. సూది గుడ్డలో ఉన్నప్పుడు రింగు జరిపితే సూది వంగి ప్లేటును కొడుతుంది, చాలా సూదులు విరిగేది అలాగే.

సాధనకు పువ్వుల కంటే మన అక్షరాలే మంచివి. చాక్‌తో "క, ణ, ఠ, జ" పెద్దగా రాసుకుని వాటి మీదుగా కుట్టండి. తెలుగు లిపిలో పదునైన మూలలు తక్కువ, చెయ్యి ఆగకుండా గుండ్రంగా తిరుగుతుంది. వారం పాటు ఇలా చేస్తే తీగలు, ఆకులు వాటంతట అవే వస్తాయి.

దారం విషయంలో మన ఊరి తేమ గుర్తుంచుకోండి. రేయాన్ దారానికి మెరుపు బాగుంటుంది కానీ తడిస్తే బలం బాగా తగ్గుతుంది. ముసురు రోజుల్లో రేయాన్ మాటిమాటికీ తెగుతుంటే తప్పు మీది కాదు. రీళ్లను మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. రోజూ ఉతికే బట్టలకు 40 నంబరు పాలిస్టర్ ఎంబ్రాయిడరీ దారం వాడండి. జరీ దారానికి పెద్ద కన్నం ఉన్న 14 నంబరు సూది, పై టెన్షన్ బాగా తగ్గించి, నెమ్మదిగా. బాబిన్‌లో ఎప్పుడూ పై దారం కంటే సన్నది వేయండి. నిండు కుట్టు వెనక్కి తిప్పి చూస్తే మధ్యలో మూడో వంతు బాబిన్ దారం, రెండు పక్కలా పై దారం కనిపించాలి. పై వైపు బాబిన్ దారం తొంగి చూస్తే పై టెన్షన్ వదులు చేయండి.

కంప్యూటర్ మిషన్ గురించి కొంత. ఆరు నెలలు పైన చెప్పిన పని చేశాక కూడా కావాలనిపిస్తే కొనండి. అప్పుడు చూడాల్సింది డిజైన్ల సంఖ్య కాదు, ఫ్రేము కొలత. 100 × 100 మి.మీ. ఫ్రేములో బ్లౌజు వీపు డిజైన్ ఒకేసారి పట్టదు, ముక్కలుగా కుట్టి కలపాలి, ఆ కలపడమే కష్టం. కనీసం 130 × 180 మి.మీ. ఉంటే హాయి. డిజైన్ ఫైళ్లు కంపెనీని బట్టి వేరు: బ్రదర్‌కు పీఈఎస్, జనోమ్‌కు జెఫ్. డీఎస్‌టీ ఫైలులో రంగుల వివరం ఉండదు, స్క్రీన్ మీద వింత రంగులు కనిపిస్తే కంగారు పడకండి. డిజైన్‌ను మిషన్ మీద పదో వంతుకు మించి పెంచకండి, తగ్గించకండి. కుట్ల సంఖ్య మారకుండా కొలత మాత్రమే మారితే, పెంచినప్పుడు గుడ్డ కనిపిస్తుంది, తగ్గించినప్పుడు కుట్లు కిక్కిరిసి సూది విరుగుతుంది. పది వేల కుట్ల డిజైన్ నిమిషానికి 400 కుట్ల వేగంతో 25 నిమిషాలు, రంగు మార్పిడి వేళ అదనం.

నేత

ఫ్లాట్‌లో గుంట మగ్గం కుదరదు, దానికి నేలలో గొయ్యి కావాలి. కానీ నేత రుచి చూడటానికి 20 × 30 అంగుళాల చెక్క ఫ్రేము చాలు. పై అంచున, కింది అంచున పావు అంగుళానికొక మేకు కొట్టించుకోండి. గట్టి కాటన్ పురి మేకుల మీదుగా పైకీ కిందికీ చుడితే అదే పడుగు. దానిలో అడ్డంగా నేసే పేకకు బొంతలో మిగిలిన చీర.

రెండంగుళాల వెడల్పున చీరను పొడవునా పీలికలు చేయండి. నిండు చీర పన్నాలో 22 పీలికలు, మొత్తం సుమారు 120 మీటర్లు వస్తుంది. 18 × 27 అంగుళాల కాలిపట్టాకు అంగుళానికి ఆరు వరసల లెక్కన 80 మీటర్ల పైచిలుకు పడుతుంది. అంటే మీరు దాచిన 60 అంగుళాల ముక్క, రెండు చీరల మిగులు కలిస్తే ఒక కాలిపట్టా. పీలికలు అతకడానికి ముడి వేయకండి, కాలికి గుచ్చుకుంటుంది. రెండు కొనలకూ చిన్న గాటు పెట్టి ఒకదానిలోంచి ఒకటి లాగితే చదునుగా కలుస్తాయి.

అందరికీ ఎదురయ్యే ఇబ్బంది, నేత పైకి పోయేకొద్దీ నడుము సన్నబడటం. పేకను తిన్నగా లాగి కొట్టడం వల్ల అలా అవుతుంది. పేక ఒకదాని కిందా ఒకదాని మీదా పడుగులో వంపులు తిరుగుతుంది కాబట్టి దానికి అదనపు పొడవు కావాలి. ప్రతి వరసనూ విల్లులా వంపుగా వేసి, అప్పుడు దువ్వెనతో కిందికి కొట్టండి. ప్రతి పది వరసలకొకసారి వెడల్పు కొలవండి. అర అంగుళం తగ్గితే అక్కడిదాకా విప్పి మళ్లీ నేయడమే మార్గం.

అది నచ్చితే తర్వాతి మెట్టు బల్ల మీద పెట్టే రిజిడ్ హెడిల్ మగ్గం (పడుగు పోగుల్ని ఎత్తి దించే గట్టి పలక ఉండేది), 16 అంగుళాల వెడల్పు. కొనే ముందు నూలు లెక్క వేసుకోవడం నేర్చుకోండి. ఉదాహరణకు 12 × 60 అంగుళాల బల్లగుడ్డ, అంగుళానికి 10 పోగులు. వెడల్పు తగ్గుదల కలిపి 13½ అంగుళాలు పెట్టుకుంటే 135 పడుగు పోగులు. పొడవు 60, నేతలో తగ్గేది 6, మగ్గానికి కట్టినప్పుడు వృథా అయ్యేది 20, కుచ్చులకు 8, మొత్తం 94 అంగుళాలు, సుమారు 2.4 మీటర్లు. పడుగుకు 324 మీటర్లు, పేకకు 230 దాకా. 2/20 నూలును నాలుగు పోగులు కలిపి వాడితే 130 గ్రాములు, తెగినవాటికి కలిపి 200 గ్రాములు తీసుకోండి. ఈ అంకెల్లో 20 అన్నది నూలు సన్నదనం, 2 అంటే రెండు పోగుల పురి. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది.

ఇక్కడ మన తేమ మనకు మేలు చేస్తుంది. కాటన్ పోగు తేమలో బలపడుతుంది, రేయాన్‌కు సరిగ్గా ఎదురు. పొడిగాలిలో, ఏసీ గదిలో పడుగు పోగులు తెగుతుంటాయి. కాబట్టి మగ్గాన్ని ఏసీ గదిలో కాకుండా బాల్కనీ వైపు గదిలో పెట్టండి. మిషన్ పొడిగా ఉండే గదిలో, మగ్గం గాలి ఆడే గదిలో: రెండు గదుల ఫ్లాట్‌కు సరిగ్గా సరిపోతుంది.

వీలు చూసుకుని పొందూరు వెళ్లి రండి. విజయనగరం దాటాక శ్రీకాకుళం రోడ్డుకు ముందే స్టేషన్ ఉంది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, నూరు నంబరు నూలు చేత్తో వడుకుతారు. పోగు ఎలా పుడుతుందో ఒకసారి కళ్లారా చూశాక చీరలో పడుగేదో పేకేదో మళ్లీ ఎవరినీ అడగక్కర్లేదు.

ఈ వారం మాత్రం ఒక్క పని చేయండి. రెండు పొరల పాత చీర మీద, పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్ల దారం వేసి జానెడు తిన్నటి కుట్టు వేయండి. ముందు వైపు, వెనక వైపు దగ్గరగా ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి, మిషన్ చేతి మీదున్న మోడల్ నంబరు కూడా రాయండి. పై టెన్షన్ ఎటు తిప్పాలో, బాబిన్ కేసు ముట్టుకోవాలో అక్కర్లేదో అవి చూసి చెబుతాను.